చింతచెట్టు మీద గూడు కట్టింది సైబీరియా పక్షి కాదు

మార్చి నెలలో వీలున్న ప్రతి ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో ఓ పదిమందిమి పోగై తేలినీలాపురం బయల్దేరతాం. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లం, మిగతా అంతా హైస్కూలు నుంచి డిగ్రీ దాకా చదువుకుంటున్న పిల్లలు. కొందరు బళ్ల మీద, కొందరు ఆటోలో. పదిమందికీ కలిపి రెండు బైనాక్యులర్లు, మూడు నోటు పుస్తకాలు, ఎవరో ఒకరి సంచిలో ఇడ్లీల పొట్లం. ఊళ్లోకి వెళ్లగానే ఇళ్ల మధ్య పెద్ద చెట్ల నెత్తిన గుంపులు గుంపులుగా తెల్లటి పక్షులు కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా ఉంటే మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే. "ఇవి సైబీరియా నుంచి వచ్చినవే కదండీ?"

పిల్లల తప్పేం లేదు. పేపర్లో అలాగే రాస్తారు, టీవీలో అలాగే చెబుతారు, మనం పెద్దవాళ్లం కూడా అదే మాట అంటాం. వేల మైళ్లు ఎగిరొచ్చి మన పల్లెటూరి చెట్టు మీద వాలాయంటే వినడానికి బాగుంటుంది మరి. కానీ తేలినీలాపురంలో గూళ్లు కట్టే పక్షులు రెండూ, అంటే గూడబాతూ ఎర్రకాళ్ల కొంగా, సైబీరియా మొహం చూడనివే. ఇంగ్లిష్‌లో వాటిని స్పాట్ బిల్డ్ పెలికాన్, పెయింటెడ్ స్టార్క్ అంటారు. ఎర్రకాళ్ల కొంగ భారతదేశం, శ్రీలంక, ఆ తూర్పున ఆగ్నేయాసియా దాకా ఉండే పక్షి. గూడబాతు కూడా ఇంచుమించు అంతే. ఉత్తరాన మంచు పడే దేశాలతో వాటికి సంబంధమే లేదు.

ఇది ఏదో పేరు సరిదిద్దే పని అనుకోకండి. వసంతంలో మన ఊరి చుట్టుపక్కల కనపడే పక్షుల్లో ఏది మనది, ఏది చుట్టం, ఏది ఎప్పుడు వస్తుంది, ఎందుకు పోతుంది అన్నది చాలామందికి గందరగోళంగానే ఉంటుంది. ఒక్క చిక్కుముడి విప్పితే మిగతావి వాటంతటవే విడిపోతాయి. ఆ ముడి ఎక్కడుందంటే, గూడు దగ్గర.

వలస పక్షికి రెండు ఇళ్లుంటాయి. ఒకటి చలికాలం గడిపే చోటు, ఇంకోటి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే చోటు. నిజంగా సైబీరియా నుంచి మన దగ్గరికి వచ్చే పక్షి తిండి కోసం, వెచ్చదనం కోసం వస్తుంది, నాలుగైదు నెలలు తింటుంది, పోతుంది. ఇక్కడ గూడు కట్టదు. పుల్లా పుడకా ఏరదు. దాని సంసారమంతా అక్కడ, ఎండాకాలంలో మంచు కరిగి పురుగులు పుట్టుకొచ్చే ఆ కొద్ది వారాల్లో. కాబట్టి చెట్టు మీద పుల్లల గూడు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లకి మేత పెడుతున్న పక్షి కనపడితే ఇంక అనుమానం అక్కర్లేదు, అది మన పక్షే. మా పిల్లలకి మొదటి రోజు నేర్పేది ఇదొక్కటే. పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.

తేలినీలాపురంలో ఓ ముసలమ్మ గారుంటారు, మేం వెళ్తే అరుగు మీద చోటిచ్చి మంచినీళ్లిస్తారు. సైబీరియా సంగతి ఆవిడనడిగితే, "అదేటో నాకు తెల్దు బాబూ, మా ఆడపిల్లలు పురుడికి పుట్టింటికొచ్చినట్టు ఒస్తాయి, పిల్లలకి రెక్కలొచ్చేక ఎల్లిపోతాయి" అన్నారు. పక్షులు గూళ్లు కట్టే చాలా ఊళ్లలో ఈ మాటే వినపడుతుంది. పేపరు మాట కన్నా ఆ మాటే సరైనది. పురుడు పోసుకున్న చోటే పుట్టిల్లు. ఈ పక్షులకి పుట్టిల్లు ఆ చింతచెట్టే.

మరి సైబీరియా మాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నా ఊహ ఇది. రాజస్థాన్ భరత్‌పూర్‌కి ఒకప్పుడు నిజంగానే సైబీరియా నుంచి పెద్ద తెల్ల పక్షులు వచ్చేవి. సైబీరియన్ క్రేన్లు. వాటి గురించి పుస్తకాల్లో, పేపర్లలో బోలెడంత రాశారు. 2002 తర్వాత అవి ఇక రాలేదు. కానీ 'తెల్లగా, పొడుగు కాళ్లతో, చలికాలంలో వచ్చేది' అనగానే సైబీరియా గుర్తొచ్చే అలవాటు మాత్రం మిగిలిపోయింది. పైగా మన భాషలో 'కొంగ' అన్న ఒక్క మాటలో నాలుగు రకాల పక్షుల్ని పట్టేశాం. పొలంలో గేదె వెంట నడిచే తెల్ల కొంగ, చెరువు గట్టున కదలకుండా నిలబడే నారాయణ పక్షి, ఈ ఎర్రకాళ్ల కొంగ, ఆ సైబీరియన్ క్రేన్, అన్నీ కొంగలే. నిజానికి మొదటి రెండూ ఒక కుటుంబం, మిగతా రెండూ చెరో కుటుంబం. ఎగిరేటప్పుడు చూస్తే కొంత తేడా తెలుస్తుంది. పొలం కొంగా నారాయణ పక్షీ మెడని ముడిచి భుజాల మధ్య పెట్టుకుని ఎగురుతాయి, ఎర్రకాళ్ల కొంగ మెడ ముందుకి చాచి ఎగురుతుంది. ఇది తెలిస్తే బైనాక్యులర్ లేకపోయినా రోడ్డు మీద నుంచే చెప్పేయొచ్చు.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. గూడబాతులు సెప్టెంబరు, అక్టోబరు నెలల నుంచి దిగడం మొదలుపెడతాయి, మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. మార్చికల్లా గూళ్లలో పిల్లలు బాగా ఎదిగి ఉంటాయి. చూడ్డానికి అదే మంచి సమయం. గుడ్ల మీద కూర్చున్న పక్షిని చూడ్డానికి ఏముంటుంది, కదలదు. పిల్లలున్న గూటి దగ్గర మాత్రం నాటకం ఆగదు.

గూడబాతు మేత పెట్టడం మొదటిసారి చూసిన పిల్లలు కంగారు పడతారు. ముక్కు కింద సంచిలాంటి తోలు ఉంటుంది కదా, పిల్ల తన తలంతా ఆ సంచిలోకి దూర్చేస్తుంది, మెడ దాకా. తల్లి దాన్ని మింగేస్తోందేమో అనిపిస్తుంది. లోపల సగం అరిగిన చేపలుంటాయి, పిల్ల తినేది వాటిని. మొదటిసారి చూసిన ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి "అయ్యో" అని అరిచి బైనాక్యులర్ కింద పెట్టేసి, మళ్లీ రెండు నిమిషాలకి లాక్కుని పావుగంట ఎవరికీ ఇవ్వలేదు.

నాకు మాత్రం ఎర్రకాళ్ల కొంగ దగ్గరే కాళ్లు ఆగిపోతాయి. మార్చి మూడో వారంలో పదింటికే ఎండ చురుక్కుమంటుంది. చెట్టు చిటారున గూడు, పైన నీడ లేదు. అప్పుడు తల్లో తండ్రో ఒకరు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి రెక్కలు సగం విప్పుతారు, గొడుగు తెరిచినట్టు. ఆ రెక్కల నీడ సరిగ్గా పిల్లల మీద పడుతుంది. ఎండ జరిగితే పక్షి కూడా జరుగుతుంది. రెక్కల్లో ఒంటికి దగ్గరగా, తోక వైపు గులాబీ రంగు ఈకలుంటాయి, వెనక నుంచి వెలుతురు పడితే ఆ గులాబీ రంగు వెలుగుతున్నట్టు ఉంటుంది. ఇంకో పక్షి చెరువు నుంచి వచ్చి గూటి అంచున వాలి ముక్కు దించి నీళ్లు కక్కుతుంది, పిల్లలు తాగుతాయి. చేపలే కాదు, దాహం తీర్చడానికి నీళ్లు కూడా గొంతులో మోసుకొస్తాయన్నమాట. ఇంత చేస్తూ ఆ పెద్ద పక్షులు నోరెత్తవు. గోలంతా పిల్లలది. పెద్దయ్యాక వీటికి గొంతు దాదాపు ఉండదు, ముక్కు రెండు భాగాలూ టకటకా కొట్టుకోవడమే మాట.

ఇంకో ముడి ఉంది, చాలామంది అడుగుతారు. ఎండాకాలం ముందు పిల్లల్ని పెట్టుకోవడం ఎందుకు, వానాకాలంలోనే పెట్టుకోవచ్చు కదా అని. దీనికి జవాబు మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో ఉంది. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టేది నత్తగుల్ల కొంగలు. జూన్‌లో తొలకరితో పాటు దిగుతాయి, చలికాలం మొదట్లో పోతాయి. అవి వస్తే వాన వచ్చినట్టే అని ఊరివాళ్ల నమ్మకం. ఒకే జిల్లా, ఒకే కుటుంబానికి చెందిన రెండు కొంగలు, ఒకటి వానతో వస్తుంది, ఇంకోటి వాన వెనకపట్టు పడుతుండగా వస్తుంది. ఎందుకంటే తిండి వేరు. నత్తగుల్ల కొంగకి నత్తలు కావాలి, వరి మళ్లలో నీళ్లు నిలిచినప్పుడే నత్తలు దండిగా దొరుకుతాయి. దాని ముక్కు మధ్యలో ఖాళీ ఉంటుంది, మూసినా మూసుకోదు, ఆ ముక్కుతో నత్తని గుల్లలోంచి లాగడంలో అది ఆరితేరింది. ఎర్రకాళ్ల కొంగకి చేపలు కావాలి. అదీ కళ్లతో వెతికి పట్టదు. సగం తెరిచిన ముక్కు బురదనీళ్లలో పెట్టి, కాలితో అడుగుని కెలుకుతూ నడుస్తుంది, చేప తగిలిన క్షణంలో ముక్కు మూసేస్తుంది. చెరువు నిండుగా ఉంటే చేపలు నలుమూలలా చెదిరిపోయి ఉంటాయి, ఈ పద్ధతిలో దొరకవు. డిసెంబరు నుంచి నీళ్లు తగ్గుతూ వస్తే, చేపలన్నీ మోకాలి లోతు మడుగుల్లో చిక్కుకుంటాయి. సరిగ్గా అప్పుడే గూట్లో పిల్లల ఆకలి కూడా పెరుగుతుంది. అంటే ఈ పక్షులకి పంచాంగం చెరువు నీటిమట్టమే.

పిల్లలకి రెక్కలు వచ్చాక ఎక్కడికి పోతాయంటే, నీళ్లూ చేపలూ ఉన్న చోటికి. అవి సముద్రాలు దాటే పక్షులు కావు. ఒక ఏడు ఇక్కడ నీళ్లు లేకపోతే ఇంకో చోట గూళ్లు కడతాయి. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో, కైకలూరు దగ్గరి ఆటపాకలో, తమిళనాడు, కర్ణాటక చెరువుల్లో కనపడేవీ ఈ రెండు జాతులే. దేశం లోపలే తిరిగే సంచారులు.

తేలినీలాపురం నుంచి నౌపడ వైపు వెళ్తే దృశ్యమంతా మారిపోతుంది. చెట్లుండవు. ఉప్పు మళ్లు, తంపర నేలలు అనే చిత్తడి నేలలు, పలుచగా నీళ్లు, దూరంగా ఎండకి మెరిసే ఉప్పు కుప్పలు. ఇక్కడున్నవే అసలైన సైబీరియా పక్షులు. కానీ వాటిని చూసి ఎవరూ నోరు తెరవరు, ఎందుకంటే చాలావరకు పిచ్చుకంత ఉంటాయి. మట్టి రంగు. ఉల్లంకి పిట్టలంటాం అన్నిటినీ కలిపి. అందులో అన్నిటికన్నా చిన్నది లిటిల్ స్టింట్, బరువు ఇంచుమించు పాతిక గ్రాములు. మడి అంచున పరిగెడుతూ, కుట్టుమిషన్ సూదిలా ముక్కుతో బురదని గబగబా పొడుస్తూ తిరుగుతుంది, పది సెకన్లు కూడా ఒక చోట నిలవదు. ఆ పిట్ట గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ తీరంలో, చెట్టు కూడా మొలవని చలి నేలలో. ఇక్కణ్ణుంచి దాదాపు 6 వేల కిలోమీటర్లు. నేనైతే పిల్లల్ని ఆ మడి గట్టు మీద కూర్చోబెట్టి, మీరు అడిగిన సైబీరియా పక్షి ఇదిగో ఇదే అని చూపిస్తాను. కొంతమంది ముఖాల్లో ముందు నిరాశ కనపడుతుంది. తర్వాత అది ఎంత దూరం ఎగరాలో, ఎంత బరువుందో లెక్క వేసుకుంటారు. అప్పుడు చూడాలి ఆ ముఖాలు.

వసంతం అన్న మాట ఈ పిట్టల ఒంటి మీదే కనపడుతుంది. డిసెంబరులో వీటన్నిటిదీ ఒకే బూడిద రంగు, ఏది ఏదో చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే. మార్చి దాటుతుంటే రంగులు తేలడం మొదలవుతుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ అని వంపు ముక్కు ఉల్లంకి ఒకటుంది, దాని పొట్ట మీద మచ్చలు మచ్చలుగా ఇటుక రంగు వస్తుంది, ఏప్రిల్ చివరికి కొన్ని పూర్తిగా ఎర్రబడతాయి. శాండ్ ప్లోవర్ అనే ఇంకో పిట్టకి ఛాతీ మీద నారింజ పట్టీ వస్తుంది. పెళ్లి బట్టలు ఇక్కడే కట్టుకుని అక్కడికి బయల్దేరతాయన్నమాట. రంగుతో పాటు ఒంట్లో కొవ్వు కూడా పెడతాయి, దారిలో ఇంధనం అదే. మార్చి, ఏప్రిల్‌లో అవి అంత ఆత్రంగా తినడం అందుకే. మనం ఫొటో కోసం మడి గట్టు వెంట పరిగెత్తి పదిసార్లు లేపితే, తినాల్సిన సమయం పోతుంది, తిన్నది ఖర్చవుతుంది. ఇదేదో మర్యాద కోసం చెప్పే మాట కాదు, ఆ పిట్ట చేరడం, చేరకపోవడం దాని మీదే ఉంటుంది.

అక్కడ మంచు ఎప్పుడు కరుగుతుందో ఇక్కడున్న పిట్టకి ఎలా తెలుస్తుంది? తెలియదు. దానికి తెలిసేది పగటి పొడుగు. మన దగ్గర డిసెంబరు చివర్లో పగలు దాదాపు 11 గంటలు, మార్చి 20, 21 తేదీలకి 12 గంటలు, జూన్‌లో 13 గంటలు దాటుతుంది. మనం గమనించని ఈ తేడా పక్షి మెదడుకి అందుతుంది, దాంతో హార్మోన్లు మారతాయి, ఆకలి పెరుగుతుంది, ఈకలు రాలి కొత్తవి వస్తాయి, రాత్రిళ్లు నిలకడ ఉండదు. ఓ సాయంత్రం గుంపు లేస్తుంది. అన్నీ పోవు కూడా. మొదటి ఏడాది పిల్లలు, ఒంట్లో శక్తి చాలనివి కొన్ని ఎండాకాలమంతా ఇక్కడే ఉండిపోతాయి. జూన్‌లో నౌపడ వెళ్లి ఒకటి రెండు ఉల్లంకుల్ని చూసి ఇదేంటని గాభరా పడక్కర్లేదు.

ఇలాంటి చుట్టాలు ఊళ్లో కూడా ఉంటారు, మనం చూసుకోం. కరెంటు తీగల మీద వరసగా కూర్చునే వానకోవెలల్లో చాలావరకు చలికాలం చుట్టాలే, ఏప్రిల్‌కి తీగలు ఖాళీ అవుతాయి. బూరుగ, మోదుగ చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూసినప్పుడు ఆ పూల తేనె కోసం ఎక్కడైనా గులాబీ గోరింకల గుంపు వాలిందంటే అవి మధ్య ఆసియా వైపు పోయే ప్రయాణికులు.

సరే, కోకిల. వసంతమంటే అదే కదా మనకి. ఫిబ్రవరి చివర్లో, పొద్దున్న చీకటి ఉండగానే ఒక్కసారిగా కూత మొదలవుతుంది. అందుకే అది ఎక్కణ్ణుంచో వచ్చిందనుకుంటారు. ఎక్కడికీ పోలేదు, చలికాలమంతా మీ వీధిలోనే ఉంది, నోరు మెదపలేదంతే. కూసేది మగ కోకిల, నల్లగా ఎర్ర కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, చాలామంది దాన్ని వేరే పక్షి అనుకుంటారు. అది పాడదు, కిక్ కిక్ కిక్ అని అరుస్తుంది. ఇక మామిడి చిగురు తిని గొంతు తీపయిందన్న మాట మన కవులు ఎంతో ఇష్టంగా చెప్పుకున్నారు, నాకూ ఇష్టమే, కానీ కోకిల ఎక్కువగా తినేది పళ్లు. మర్రి, రావి, వేప చెట్లు చూడండి.

కోకిల ఇప్పుడే ఎందుకు కూస్తుందంటే కాకి వల్ల. ఎండలు ముదిరేకొద్దీ కాకులు గూళ్లు కడతాయి, కోకిల తన గుడ్లు పెట్టేది ఆ గూళ్లలోనే. కాబట్టి దాని కాలం కాకి కాలంతో కలవాలి. కాకి గూడు చుట్టూ మగ కోకిల గోల చేసి కాకుల్ని తన వెంట తిప్పుకుంటుంది, ఆ సందులో ఆడది దూరి గుడ్డు పెట్టి పోతుంది. పుట్టిన కోకిల పిల్ల కాకి పిల్లల్ని తోసేస్తుందని అనుకుంటాం, చాలాసార్లు అలా జరగదు, రెండు రకాల పిల్లలూ ఒకే గూట్లో పెరుగుతాయి. వేరే దేశాల్లోని కోకిల జాతుల గురించి చదివింది మన కోకిలకి అంటగట్టేశాం.

దాంతో పాటు వినపడే ఇంకో చప్పుడు, టుక్, టుక్, టుక్ అని ఆగకుండా, చిన్న సుత్తితో రాగి రేకు కొట్టినట్టు. కంసాలి పిట్ట. ఆకుపచ్చగా, నుదుటి మీద ఎర్ర బొట్టుతో ఉంటుంది, పిచ్చుక కన్నా కాస్త పెద్దది. తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది, అందుకే చప్పుడు ఏ చెట్టు నుంచి వస్తోందో తెలీదు. మా వీధిలో ఎండిన మునగ కొమ్మకి ముక్కుతో తొర్ర తొలిచి మూడేళ్లు పిల్లల్ని పెట్టింది. ఆ కొమ్మ ఎండిపోయింది, కొట్టేయమని ఇంటివాళ్లకి అందరూ చెప్పారు. మెత్తబడ్డ ఎండు కొమ్మే దానికి కావాల్సింది. మా పిల్లలు వెళ్లి బతిమాలితే ఇల్లుగలావిడ ఒప్పుకున్నారు, కొమ్మ కింద మంచం మాత్రం వేయడం మానేశారు.

ఇలా చూస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో మన చుట్టూ మూడు కాలాలు ఒకేసారి నడుస్తున్నాయి. గూడబాతుకి, ఎర్రకాళ్ల కొంగకి సీజను ముగుస్తోంది, పిల్లలు ఎగరడం నేర్చుకుంటున్నాయి. ఉల్లంకులు మూటాముల్లె సర్దుకుంటున్నాయి. కోకిల, కంసాలి పిట్ట, తేనెపిట్ట, గిన్నెలాంటి గూడు కట్టే పిగిలిపిట్ట ఇప్పుడే సంసారం మొదలుపెడుతున్నాయి. అందుకే పక్షుల్ని చూడ్డానికి డిసెంబరే సీజను అన్న మాట నేను ఒప్పుకోను. డిసెంబరులో లెక్క ఎక్కువ ఉంటుంది, నిజమే. కథ ఉండేది మాత్రం ఇప్పుడే.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. పెద్ద ఖర్చేం అక్కర్లేదు. 8x40 లేదా 8x42 అని రాసున్న బైనాక్యులర్ చాలు, అంతకన్నా ఎక్కువ పెద్దది చేసి చూపించేవి చేతిలో వణుకుతాయి. అదీ లేకపోతే కళ్లు చాలు, తేలినీలాపురంలో పక్షులు ఇళ్ల పైనే ఉంటాయి, చూడ్డానికి టవర్ కూడా ఉంది. ఎర్ర చొక్కాలు వద్దు. తొమ్మిదిన్నర లోపు ముగించండి, ఎండ మనకే కాదు, వాటికీ కష్టమే. ఫోన్లో మెర్లిన్ అనే ఉచిత యాప్ వేసుకుంటే పేరు వెతకడం తేలిక. చూసినవి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో రాస్తే ఆ లెక్క శాస్త్రవేత్తలకి పనికొస్తుంది. ఏటా ఫిబ్రవరి నడిమధ్య నాలుగు రోజులు ప్రపంచమంతా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది. పావుగంట మీ డాబా మీద నిలబడి లెక్కపెట్టినా అందులో చేరినట్టే. మా గుంపు మొదలైంది కూడా అలాగే. జీడితోటల వైపు, పలాస, మందస దిక్కు వెళ్లేవాళ్లు మాత్రం తెల్లవారుజామున ఒంటరిగా తోటల్లోకి పోకండి. జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజుల్లో ఎలుగుబంట్లు దిగుతాయి, ఆ ఉద్దానం ప్రాంతంలో ఆ భయం ఒట్టి మాట కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. చప్పట్లు కొట్టకండి. ఒక ఫిబ్రవరిలో వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్లు కొందరు, గుంపంతా ఒక్కసారి లేస్తే వీడియో బాగా వస్తుందని చెట్టు కింద చేరి చప్పట్లు కొట్టి కేకలేశారు. కొంగలు లేచాయి. వీడియో బాగానే వచ్చుంటుంది. ఆ రెండు నిమిషాల్లో రెండు కాకులు ఓ గూట్లో దిగి, ఈకలు కూడా సరిగా రాని పిల్లని పీక్కుపోయాయి. మేం చూస్తూనే ఉన్నాం, అరిచాం, ఏం లాభం. తల్లి పక్షి తిరిగొచ్చి గూటి అంచున నిలబడి లోపలికి వంగి చూసింది, మళ్లీ చూసింది. ఆ కుర్రాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, వాళ్లకి తెలీదంతే. గూటి మీద పెద్ద పక్షి ఉండటం వల్లే కాకి రాదని, ఎండకి గుడ్డు ఉడికిపోదని ఎవరూ చెప్పలేదు. గూళ్లని, గుడ్లని, పిల్లల్ని కదిలించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

ఇప్పుడు మళ్లీ మొదటి ముడి దగ్గరికి వస్తాను. ఇవి సైబీరియావి అనుకున్నంతకాలం మనలో ఒక ధీమా ఉంటుంది. ఈ ఏడు తక్కువ వచ్చాయంటే అక్కడేదో అయ్యుంటుందిలే, దారిలో ఏదో జరిగుంటుందిలే అనుకుని ఊరుకుంటాం. మన పక్షులే అని తెలిశాక ఆ సాకు పోతుంది. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చచ్చి చెట్ల నుంచి పడ్డాయి. బర్డ్ ఫ్లూ అని ఊరంతా హడలిపోయింది. తీరా చూస్తే నులిపురుగుల బెడద అని తేలింది. చేపలు తినే పక్షికి పురుగు ఎక్కువగా చేపలోంచే వస్తుంది. ఆ చేపలు మన నీళ్లవే.

కొల్లేరు కథ ఇంకా పెద్దది. అక్కడ 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు గూడబాతుల కాలనీని గుర్తించారు, అప్పుడు దాదాపు 3 వేల పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ లేకుండా పోయింది. ముప్పయ్యేళ్లలో. తర్వాత ఎప్పటికో ఆటపాకలో మళ్లీ గూళ్లు కట్టాయి, చెట్లు చాలక అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పెడితే వాటి మీద కూడా కట్టాయి. అంటే చోటు చూపిస్తే వస్తాయి.

మన జిల్లాలో పక్షి కన్నా ముందు నీటి నేల కోసం మనుషులే ప్రాణాలిచ్చారు. సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడితే 2010 జులై 14న కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, నౌపడ తంపర నేలల దగ్గర మళ్లీ కాల్పులు. వాళ్లు పక్షుల కోసం పోరాడలేదు, చేప కోసం, సాగునీళ్ల కోసం పోరాడారు. కానీ అదే నీళ్లు, అవే చేపలు. బయటివాళ్లకి బీల అంటే పడావు పడ్డ బురద నేల. నీటిమట్టం దిగేకొద్దీ చేప ఎక్కడ పోగవుతుందో తెలిసిన జాలరికి, ఎర్రకాళ్ల కొంగకి అది కంచం. 2023 నుంచి మూలపేట పోర్టు పనులు కూడా ఈ తీరంలోనే నడుస్తున్నాయి. అభివృద్ధి వద్దని నేననను, మా పిల్లలకీ ఉద్యోగాలు కావాలి. ఏ మడి పూడుతోంది, ఏ కాలువ మూసుకుపోతోంది, ఏ చెట్టు పడుతోంది అన్న లెక్క మాత్రం ఎవరో ఒకరు రాసిపెట్టాలి. 2018 తిత్లీ తుఫానులో కూలిన చెట్ల బదులు కొత్తవి నాటితే, గూడు మోసేంత చింతచెట్టు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే చెప్పండి.

మా మూడు నోటు పుస్తకాల్లో పిల్లలు రాసేది అదే. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు, ఎన్ని పిల్లలు, మడిలో నీళ్లు మడమ లోతా, మోకాలి లోతా. పోయిన ఏప్రిల్ రెండో ఆదివారం ఉప్పు మళ్లకి వెళ్లేసరికి స్టింట్ల గుంపు లేదు. అంతకుముందు వారం నూట నలభై దాకా లెక్కపెట్టాం. ఆ రోజు రెండే ఉన్నాయి, వాటిలో ఒకటి కుంటుతోంది. పుస్తకంలో 2 అని రాసుకుని తేలినీలాపురం వెళ్లాం. చెట్లు దాదాపు ఖాళీ, కింద నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా రెట్టలు. ఒక్క గూట్లో మాత్రం పిల్ల గూడబాతు ఒకటి, పెద్దదానంత అయిపోయింది, గూటి అంచున నిలబడి రెక్కలాడించి మళ్లీ కూర్చుంటోంది. ముసలమ్మ గారు అరుగు మీంచి దాన్నే చూస్తూ, "ఇది ఆలీసంగా పుట్టింది బాబూ, తల్లి ఇంకా ఒస్తంది, మేత తెస్తంది" అన్నారు. పదిన్నర దాకా ఆగాం. తల్లి వచ్చింది.